నడిస్తంభం దగ్గర ఫువాతినో

సమోవా దీవుల్లో, ఫంగలువా ఊళ్లో గురక పెట్టని మనిషి ఎవరో చెప్పమంటే చెప్పడం కష్టం. గోడల్లేని ఇళ్లు, చుట్టూ స్తంభాలు, వాన వస్తే దించుకునే కొబ్బరాకు తడికలు. ఎవరు ఎలా నిద్రపోతారో ఊరందరికీ తెలుసు. అయినా ఫువాతినో గురక వేరు. అది మొదలైతే పక్కింటి కుక్క లేచి సముద్రం వైపు పోయి పడుకునేది. గురకనైనా భరించొచ్చు. అది మధ్యలో ఠక్కున ఆగిపోయేది. ఆగి, ఆగి, ఇంక రాదేమో అనుకునేసరికి, నీళ్లలో మునిగి తేలిన మనిషిలా గొంతు చించుకుని ఒక్క ఊపిరి వచ్చేది. అలా ఆగినప్పుడల్లా మొగుడు యోవానే కాలితో ఒక్కటి తన్నేవాడు. ఏళ్ల తరబడి అలా తన్నీ తన్నీ, పెళ్లామంటే తనకెంత ప్రేమో అనుకునేవాడు పాపం.

ఫువాతినో ఆ ఊరి ఆడపడుచు కాదు, కోడలు. ఆడపడుచులు ఇంటి ముందువైపు చాపల మీద కూర్చుంటే కోడళ్లు వెనకవైపు పొయ్యి దగ్గర పొగలో ఉంటారు. దాన్ని ఎవరూ తప్పనుకోరు. కోడళ్లూ అనుకోరు, పుట్టింటికి పోతే వాళ్లూ ఆడపడుచులే, వాళ్లకీ విసనకర్రతో విసిరేవాళ్లుంటారు. అలాంటి ఊళ్లో, ఆడవాళ్ల కమిటీ వారి అల్లిక సావిడిలో, నడిస్తంభానికి వీపు ఆనించి కూర్చునే చోటు ఫువాతినోది. చాప మొదలుపెట్టేది ఆ చోటి మనిషే. మిగతా పదకొండు మంది ఆ మనిషి చెప్పినట్టు అల్లాలి, ఆడపడుచులైనా సరే.

ఆ చోటు ఆమెకు మొగుడి పేరు చెప్పుకుంటే రాలేదు. చేతులు తెచ్చిపెట్టాయి. మొగలి ఆకుని నానబెట్టి, గీరి, ఎండబెట్టి, గడ్డిపరకలో సగం వెడల్పున పాయలు చీల్చి ఆమె అల్లిన సన్నచాపను మడిచి చంకలో పెట్టుకోవచ్చు. కళ్లు మూసుకుని ముట్టుకుంటే బట్ట అనుకుంటారు. ఒక్కో చాపకి ఎనిమిది నెలలు, పది నెలలు. పెళ్లికైనా చావుకైనా పెద్దరికం కట్టబెట్టడానికైనా ఆ చాప లేకపోతే ఆ దీవుల్లో పని జరగదు. పదకొండేళ్లుగా ఫంగలువా చాప అంటే ఫువాతినో చాపే.

ఆ పదకొండేళ్లూ ఆ చోటు కోసం ఎదురుచూసిన మనిషి ఒకతె ఉంది. ఫువాతినోకి స్వయానా ఆడబిడ్డ, యోవానేకి అక్క, సియౌతు. ఊరి ఆడపడుచు. చేతులు మంచివే, అబద్ధం చెప్పకూడదు. ఓర్పే తక్కువ. అక్క మాటకి తమ్ముడు ఎదురు చెప్పడమన్నది అక్కడ లేదు, కాబట్టి ఇంట్లో ఆమె మాట ఎప్పుడూ చెల్లేది. సావిడిలో చెల్లేది కాదు. ఆ మంట ఆమెకు లోపల అలాగే ఉండిపోయింది.

చివరి ఆరేళ్లలో ఫువాతినోకి ఏదో అయింది. పొద్దున్న లేస్తే తల ఇనప గుండులా ఉండేది. రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేచేది. పొయ్యి మీద కోకో పెట్టి మరిచిపోయేది. మంచి మాట చెప్పినవాళ్ల మీద విరుచుకుపడేది. అది మొదట్నుంచీ ఉన్నదేననుకోండి, కాని ఇప్పుడు మరీ ఎక్కువైంది. అన్నిటికన్నా ఘోరం, అల్లుతూ అల్లుతూ తల వాల్చేసేది. విచిత్రమేమిటంటే చేతులు మాత్రం ఆగేవి కావు.

"చూడండే, నిద్రలో కూడా అల్లేస్తోంది!" అని నవ్వేవాళ్లు ఆడవాళ్లు. ఫువాతినో లేచి, తనూ నవ్వినట్టు చేసి, మూతి తుడుచుకునేది.

జూన్ తనిఖీ రోజున నవ్వు అయిపోయింది. కొత్త చర్చి ప్రారంభానికి అల్లుతున్న చాపను చూడటానికి తౌతలా అమ్మగారు వచ్చింది. ఆవిడ ఊరి పెద్దగారి భార్య, కమిటీకి పెద్ద. గొంతు పెంచదు, పెంచాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ పడలేదు. ఆవిడ మాట్లాడుతుండగానే ఫువాతినో తల ముందుకి వాలి, చాప జరగకుండా పెట్టిన రాయికి నుదురు ఠంగుమని కొట్టుకుంది.

"ఫువా, నీకు నిద్ర చాలట్లేదా, లేకపోతే నా మాటలు చాలట్లేదా?"

"వయసండీ అమ్మగారూ."

"నాకంటే తొమ్మిదేళ్లు చిన్నదానివి. నా ముందు వయసు మాటెత్తకు."

"తిండి ఎక్కువ, నిద్ర ఎక్కువ," అంది సియౌతు, పాయలు సర్దుకుంటూ. "ఆ రెంటికీ మధ్య ఖాళీ దొరికితే అల్లుతోంది."

అందరూ నవ్వారు. తౌతలా అమ్మగారు నవ్వలేదు. "ఈ చాప ఎనిమిది ఊళ్లవాళ్లు చూస్తారు. ఇంకోసారి నువ్వు ఆ స్తంభం దగ్గర తూగడం నా కంట పడితే ఆ చోటు సియౌతుకిస్తా. ముందే చెప్తున్నా, తర్వాత నిష్ఠూరాలు వద్దు."

ఆ రోజు ఇంటికొచ్చి ఫువాతినో తిండి తినకుండానే పడుకుంది. నుదుటి మీద బొప్పికి ఆకు పసరు కూడా రాయించుకోలేదు.

జూలైలో చెల్లెలు మలేయా ఇంట్లో పెళ్లికని ఆక్లండ్ వెళ్లింది. ఆ ఇంట్లో తొమ్మిదిమంది. మూడో రోజు పొద్దున్న తొమ్మిదిమందీ ఎర్రటి కళ్లతో రొట్టె తింటున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, పెద్దమ్మ కదా. మలేయాయే అక్కని వెనక వరండాలోకి లాక్కుపోయింది.

"అక్కా, నాకున్న జబ్బే నీకూ ఉంది."

"నాకే జబ్బూ లేదు. గురక వస్తే గట్టి నిద్ర అని అమ్మ చెప్పేది కాదూ?"

"అమ్మ యాభై రెండేళ్లకి నిద్రలోనే పోయింది అక్కా."

ఆ సాయంత్రమే ఫువాతినో చెల్లెలి వెంట ఆసుపత్రికి వెళ్లింది.

పరీక్ష చేసింది ఒక టోంగా పిల్ల, సమోవాకి పక్క దీవులది. ఒంటి నిండా తీగలు అంటించి, ముక్కు దగ్గర చిన్న గొట్టం పెట్టి, రాత్రి వాటితోనే పడుకోమని పంపింది. మర్నాడు కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

"మనకి టోంగావాళ్లు వైద్యం చెయ్యడమేమిటే?" అంది ఫువాతినో చెల్లెలి చెవిలో, ఆ పిల్లకి వినబడేలాగే.

"సమోవావాళ్ల గురక వినీ వినీ మాకు వైద్యం అబ్బింది పెద్దమ్మా," అంది పిల్ల తల ఎత్తకుండా. ఫువాతినోకి ఆ పిల్ల నచ్చేసింది. "ఇటు చూడండి. నిద్రపట్టగానే మీ గొంతు లోపలి కండలు వదులైపోతున్నాయి. తడిసిన తడికలా లోపలికి వాలి దారి మూసేస్తున్నాయి. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం పోదు. అప్పుడు మెదడు హడలిపోయి మిమ్మల్ని లేపుతుంది. మీరు లేచినట్టు మీకే తెలీదు. గంటకి నలభై మూడుసార్లు. స్లీప్ ఆప్నియా అంటారు దీన్ని."

"అంటే రాత్రంతా నేను మేలుకునే ఉన్నానా?"

"దాదాపు అంతే."

ఫువాతినో నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. "విన్నావుటే మలేయా! ఊరంతా నన్ను నిద్రమొహం అన్నారు. నేను అసలు నిద్రే పోలేదంట!" కళ్లు తుడుచుకుని అడిగింది, "మరి మందు?"

"మందు లేదు పెద్దమ్మా, గాలే. ముక్కుకి మాస్కు, గొట్టం, మిషను. ఆ గాలి గొంతుని మూసుకుపోకుండా నిలబెడుతుంది. రోజూ పెట్టుకోవాలి, నిద్రపోయినంతసేపూ."

"ఎన్నాళ్లు?"

"మీరెన్నాళ్లు బతకాలనుకుంటే అన్నాళ్లు. ఒళ్లు తగ్గితే కొంత మేలు."

"ఈ ఒళ్లు ముప్ఫై ఏళ్లు కొబ్బరిపాలు పోసి పెంచినది తల్లీ. నువ్వు ఊరికే అన్నావని పోదు. ఆ గాలేదో ఇయ్యి."

మలేయా పాత మిషనునే ఆ పిల్ల శుభ్రం చేసి, అక్కకి సరిపోయే గాలి ఒత్తిడి అందులో అమర్చి, కొత్త మాస్కు తగిలించి ఇచ్చింది. ఫువాతినో దాన్ని విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది, పైన పెట్టమంటే ఒప్పుకోలేదు.

మొదటి వారం నరకం. జీవితమంతా నడినెత్తిన ముడి వేసుకున్న మనిషి, మాస్కు పట్టీ నిలవదని ముడి విప్పేసుకోవాల్సి వచ్చింది. బిగిస్తే ముక్కు మీద ఎర్రటి గాడి, వదులు చేస్తే కళ్లలోకి గాలి. నోరు తెరిస్తే లోపలి గాలంతా నోట్లోంచి భుస్సుమని పోయేది. దోమతెరలో గొట్టం చిక్కుకునేది. చీమలు మిషన్లోకి దూరాయి. గాలికి తేమ కోసం పోసే నీళ్లు కాచి చల్లార్చాలి. అది మొగుడి పని అని ఫువాతినో తేల్చేసింది. అర్ధరాత్రి ఒళ్లెరక్కుండా మాస్కు పీకి పారేసేది. లేచి చూసుకుని, తిట్టుకుని, మళ్లీ పెట్టుకునేది.

"ఎందుకే ఈ బాధ? నేను తన్నేవాణ్ణి కదా," అన్నాడు యోవానే.

"గంటకి నలభై మూడు తన్నులు నీ వల్ల కాదు. నీళ్లు కాచు."

పదో రోజున కల వచ్చింది. ఆరేళ్లలో మొదటి కల. పంది ఒకటి మొగలి ఆకుల కట్ట నోట కరుచుకుని పరిగెడుతుంటే వెంటబడి తరిమింది. లేచి చూస్తే తలనొప్పి లేదు. ఆ రోజు సావిడిలో సాయంత్రం దాకా తల వాల్చలేదు. మర్నాడూ వాల్చలేదు. సియౌతు ఓరగా చూస్తూనే ఉంది.

ఆ తర్వాతి సోమవారం ఊరు ఊరంతా ఒక తప్పు చేసింది. ఇన్నేళ్లూ ఫువాతినో తలనొప్పితో చీకటి ఉండగానే లేచిపోయేది, తెల్లారాక ఆమె పడుకుని ఉండగా చూసినవాళ్లు లేరు. ఆ సోమవారం మాత్రం ఒళ్లు మరిచి నిద్రపోయింది. యోవానే గాలి ఆడుతుందని తడికలు పైకి చుట్టి, దోమతెర ఎత్తి, టారో దుంపల తోటకి పోయాడు. దారిన పోయేవాళ్లు చూశారు. జుట్టు విరబోసుకుని, వెల్లకిలా, కదలకుండా, గురకే లేకుండా ఫువాతినో. మొహానికి మాస్కు, మాస్కుకి గొట్టం. ఆ ఊరి జనం మాస్కు చూసింది ఒక్కచోటే: అపియా పట్నంలో పెద్దాసుపత్రిలో, ఇంక ఇంటికి తిరిగిరాని మనుషుల మొహాన. అదీకాక, ఆ మనిషి దగ్గర్నుంచి గురక వినబడకపోవడం ఎవరికైనా చావులాగే అనిపించింది.

మెలకువ వచ్చేసరికి ఎవరో ప్రార్థన చేస్తున్నారు. కళ్లు తెరవబోతూ తన పేరు వినబడి ఆగింది.

"మా సోదరి ఫువాతినో ప్రయాణాన్ని సుఖంగా..." పాస్టరు గారి గొంతు.

చుట్టూ గుసగుసలు.

"మొహం చూడవే, ఎంత ప్రశాంతంగా ఉందో."

"ఒంట్లో బాగున్న రోజుల్లో ఒక్కనాడూ అలా లేదు."

"నిన్న సాయంత్రం కూడా నాతో పోట్లాడింది. పోయేముందు అలా శక్తి వస్తుందంటారు."

"ఆ మొగలి తోట ఎవరికి రాసిందో మరి."

"నెమ్మదే, వింటుంది!"

"ఎక్కడ వింటుంది, గొట్టం పెట్టేశారుగా."

ఎవరో ఆమె చెయ్యి పట్టుకున్నారు. గరుకు వేళ్లు, అల్లిక వేళ్లు. సియౌతు. "అందరూ వినండి," అంటోంది ఏడుపు గొంతుతో. "'వదినా, నడిస్తంభం చోటు ఇంక నీదే' అని పోయిన వారమే నా చేతిలో చెయ్యేసి చెప్పింది. అదే దీని చివరి మాట. పాస్టరు గారూ, మీరే సాక్షి."

ఆ దీవుల్లో పోయే మనిషి చివరి మాట అంటే రాతి మీద గీత. పొలాలూ పెద్దరికాలూ ఆ మాట మీదే చేతులు మారతాయి. ఎవరూ దాన్ని తిరగదోడరు. ఇంకో రెండు క్షణాలు పడుకుని ఉంటే తన చోటు పోయినట్టే.

ఫువాతినో లేచి కూర్చుంది.

అరుపులకి కోళ్లు ఎగిరిపోయాయి. పాస్టరు గారు వెనక్కి జరగబోయి స్తంభానికి తల కొట్టుకున్నారు. ఫువాతినో మాస్కు తీసి, ఒళ్లో పెట్టుకుని, మిషను మీట నొక్కి, జుట్టు రెండు చేతులా ముడివేసుకుంది. తొందర పడలేదు. ఇల్లంతా నిండి ఉంది. స్తంభానికొకరు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో చావింటికని తెచ్చిన చేపల డబ్బాల పెట్టెలు, మడత పెట్టిన చాపలు మూడు. వాటిలో ఒకటి తను అల్లిందే. ఎంత ముద్దుగా తెచ్చారో.

"వదినా," అంది. "పోయిన వారం అన్నావు. ఏ రోజు?"

సియౌతు పాస్టరు గారి వైపు చూసింది.

"సోమవారమా? ఆ రోజు నువ్వు మీ చిన్నకోడలితో తగువాడి సావిడికే రాలేదు. మంగళవారమా? ఆ రోజు నీ అల్లిక వదులైందన్నానని నాతో మాట్లాడలేదు. చెప్పు, ఏ రోజు చెయ్యేశాను?"

"నువ్వు పోతున్నావనుకుని... బాధలో..."

"బాధలో నా చోటు సర్దుకున్నావు. మంచిది." ఫువాతినో చుట్టూ చూసింది. "నా చివరి మాట కోసం వచ్చారు కదా, ఉత్తి చేతులతో పంపను. వినండి. ఆరేళ్లు రాత్రి రాత్రంతా నా ఊపిరి ఆగిపోయింది. నిజంగా పోతూ ఉన్నది అప్పుడు. అప్పుడెవరూ రాలేదు, నవ్వారు. ఇప్పుడు ఊపిరి సరిగ్గా ఆడుతోంది, ఇప్పుడు పాస్టరు గారిని తీసుకొచ్చారు. నిజంగా పోయే రోజు వస్తే నేనే కబురు చేస్తా. అప్పటిదాకా ఆ స్తంభం నాది. ఆ గొట్టం నాది. ఇంక లేవండి, పొయ్యి వెలిగిస్తా. తెచ్చినవి తెచ్చారు, వెనక్కి పట్టుకుపోతే బాగుండదు. నా చావు భోజనం నేనే వడ్డిస్తా."

వడ్డించింది కూడా. చేపలూ, ఉడికించిన అరటికాయలూ, కోకో. సిగ్గుపడుతూనే రెండోసారి పెట్టించుకున్నారు.

అంతటితో అయిపోలేదు. తిన్నాక పాస్టరు గారు మెల్లిగా అన్నారు, "అమ్మా, అది మంచిదే కావచ్చు. కాని దారిన పోయేవాళ్లు హడలిపోతున్నారు. వెనక రేకుల గది ఉందిగా, తలుపేసుకుని అందులో పడుకోరాదూ?"

"ఆ గదిలో కొబ్బరికాయలు కూడా ఉడికిపోతాయి అయ్యగారూ."

"మా తమ్ముడి ఇల్లు ఇది," అంది సియౌతు, ఊపిరి కూడదీసుకుని. "మా నాన్న ఇల్లు. చచ్చినదానిలా ముసుగేసుకుని వీధికి కనబడేలా పడుకుంటానంటే నేనొప్పుకోను. గదిలో పడుకో, లేదా అది తీసెయ్యి. తమ్ముడూ, చెప్పు."

తోట నుంచి అప్పుడే వచ్చిన యోవానే టారో బుట్టతో అలాగే నిలబడ్డాడు. అక్క వైపు చూడలేడు, పెళ్లాం వైపు చూడలేడు. బుట్టలోకి చూశాడు.

"అక్క మాట నేను దాటలేను ఫువా," అన్నాడు.

"నువ్వు దాటొద్దు. పోయి గదిలో పడుకో. మీ అక్క మాట నెగ్గినట్టూ ఉంటుంది, నాకు చోటూ ఉంటుంది. నేను ఇక్కడే."

ఆ రాత్రి నిజంగానే అతను రేకుల గదిలో పడుకున్నాడు. మూడో రోజుకి ఒళ్లంతా చెమటకాయలు లేచి, చాప చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. నీళ్లు కాచి మిషన్లో పోసి పడుకున్నాడు.

సియౌతు కమిటీకి వెళ్లింది. చావు ముసుగు వేసుకుని పడుకునే మనిషి చేత్తో చర్చి చాప అల్లించడం అపశకునమంది. జనంలో కొందరు తలలూపారు. గురువారం తౌతలా అమ్మగారు అందర్నీ సావిడికి పిలిపించింది.

"ఏమంటావు ఫువా?"

"నేను తూగితే చోటు పోతుందన్నారు, ఒప్పుకున్నా. శ్వాస ఆడితే చోటు పోతుందని ఎవరూ అనలేదే! ఇవాళ పొద్దున్నుంచి సాయంత్రం ప్రార్థన గంట దాకా నా ఎదురుగా కూర్చోండి అమ్మగారూ. ఒక్క కునుకు తీస్తే నేనే లేచి పొయ్యి దగ్గరికి పోతా. తియ్యకపోతే ముసుగు మాట ఇంకెవరూ ఎత్తకూడదు."

"మధ్యాహ్నం అందరం ఒక గంట నడుం వాలుస్తాంగా," అంది సియౌతు. "అప్పుడేం చేస్తావు? మేలుకుని నటిస్తావా?"

"మీరు పడుకుంటే నేనూ పడుకుంటా. ముసుగుతోనే. మీ మధ్యలోనే."

అలాగే చేసింది. మధ్యాహ్నం తిండి కాగానే మిషను తెప్పించి, ప్లగ్గు పెట్టించి, ముడి విప్పి, పదకొండు మంది ఆడవాళ్ల నడుమ మాస్కు తగిలించుకుని పడుకుంది. ఆ మధ్యాహ్నం సావిడిలో నిద్రపోయింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లంతా మోచేతుల మీద లేచి చూస్తూ కూర్చున్నారు. ఛాతీ లేవడం, దిగడం. లేవడం, దిగడం. ఎక్కడా ఆగదు.

"రాత్రంతా ఇలాగేనా?" అని ఒకామె అంది. "మా ఆయన్ని కూడా ఒకసారి చూపించాలి."

"నోర్ముయ్యండే, పడుకోనీండి," అంది తౌతలా అమ్మగారు.

లేచాక అల్లిక మొదలుపెట్టింది. రెండింటి నుంచి మూడు, మూడు నుంచి నాలుగు. సియౌతు కళ్లే ఒకటి రెండుసార్లు మూతబడ్డాయి గాని ఫువాతినో తల వాల్చలేదు. ఇంకో పావుగంటలో గంట కొడతారు, పందెం అయిపోతుంది. అప్పుడు ఫువాతినో చేతులు ఆగిపోయాయి.

చాప చుట్టని విప్పి, లోపలి భాగాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. జూన్‌లో అల్లిన భాగం. నాలుగు వేళ్ల వెడల్పున పాయలు వదులుగా, ఒక చోట ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎవరి కంటికీ ఆనలేదు. తన కంటికే ఆనలేదు. నిద్రమత్తు కళ్లు ఏం చూస్తాయి?

ఊరుకుంటే సరిపోయేది. చాప ఎత్తి పట్టుకుని ఊరేగించేటప్పుడు ఎనిమిది ఊళ్లవాళ్లు దూరం నుంచి చూస్తారు గాని వేళ్లతో లెక్కపెట్టరు. పైగా కింది అంచుకి ఎర్ర ఈకలు కుడతారు, చూపంతా అటే పోతుంది.

"అమ్మగారూ," అంది. "ఇక్కడ తప్పుంది. నేను చేసిందే."

తౌతలా అమ్మగారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. సియౌతు అందరికన్నా ముందు వచ్చి వేలు పెట్టింది. "చూశారా! చూశారా! నేను చెప్తూనే ఉన్నా. నిద్రలో అల్లిన చాప! ఇదా చర్చికి ఇచ్చేది?"

"ఇది కాదు," అంది ఫువాతినో. "ఇది విప్పేస్తా."

"విప్పితే దాని తర్వాత అల్లిందంతా పోతుంది. రెండు నెలల పని. ప్రారంభానికి ఐదు వారాలే ఉంది."

"తెలుసు వదినా, నాకూ లెక్కలొచ్చు."

"అవ్వదు."

"రోజంతా తూగుతూ అల్లితే రెండు నెలలు పట్టింది. మేలుకుని అల్లితే ఎంత పడుతుందో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. చూద్దాం." తౌతలా అమ్మగారి వైపు తిరిగింది. "చాప అవ్వకపోతే ఆ చోటు తీసుకోండి. ముసుగు వల్ల కాదు, తూగినందుకూ కాదు. చాప అవ్వనందుకు తీసుకోండి. ఆ మాటకి నేను తల వంచుతా."

తౌతలా అమ్మగారు కళ్లజోడు తీసి పమిట చెంగులాంటి భుజం గుడ్డతో తుడుచుకుంది. "విప్పు," అంది. "సియౌతూ, దాని ఎదురుగా కూర్చో. పాయలు నువ్వే అందించు. ఈ సావిడిలో దాని తర్వాత అంత చెయ్యి నీదే."

అది పొగడ్తో శిక్షో సియౌతుకి తేలలేదు. కూర్చుంది.

విప్పడానికే నాలుగు రోజులు పట్టింది. పాయ తెగకుండా, ముడత పడకుండా ఒక్కొక్కటీ వెనక్కి తియ్యాలి. ఆ నాలుగు రోజులూ ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఐదో రోజున సియౌతే అంది, తల ఎత్తకుండా:

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేదే?"

"నీకు తెలిసేది. ఈ చాప పెళ్లిళ్లకీ చావులకీ చేతులు మారి ఎప్పుడో ఒకప్పుడు నీ ఒళ్లోకి వచ్చేది. అప్పుడు ఊరంతా చెప్పేదానివి."

సియౌతు ఆపుకోలేక కిసుక్కుమంది. "చెప్పేదాన్నే."

"ఆ పాయ తడి చేసి ఇయ్యి. ఎండిపోయింది."

ఆ ఐదు వారాలూ ఫువాతినో పొద్దున్న వెలుతురు రాగానే సావిడికి వచ్చేది, వెలుతురు పోయేదాకా ఉండేది. మధ్యాహ్నం గంట సేపు అక్కడే మాస్కు పెట్టుకుని పడుకునేది. ఒకసారి రెండు రోజులు కరెంటు పోయింది. ఆ రెండు రాత్రులూ మళ్లీ పాత గురక, పాత తలనొప్పి. ఆ రెండు రోజులు చాప ముట్టుకోలేదు. "ఈ చేతుల్ని ఇవాళ నమ్మను," అని సియౌతుని అల్లమని, తను ఎదురుగా కూర్చుని పాయలు అందించింది. సియౌతు అల్లినదాన్ని చూసి ఒక్కచోట కూడా వేలు పెట్టలేదు. ఫువాతినో నోట అంతకన్నా మెచ్చుకోలు ఎవరికీ రాలేదు.

చాప శనివారం మధ్యాహ్నానికి అయింది. ఈకలు కుట్టేసరికి పొద్దు గూకింది. మర్నాడే ప్రారంభం.

సన్నచాపను ఎత్తి పట్టుకుని నడిచేటప్పుడు ముందు కొసలు రెండూ ఊరి ఆడపడుచులవి. కోడళ్లు వెనక నడుస్తారు, పొగడ్త కేకలు వేస్తారు. ఫంగలువాలో అది ఎన్నడూ మారలేదు. ఆదివారం పొద్దున్న తెల్లటి బట్టలు, తెల్లటి టోపీలు పెట్టుకుని ఆడవాళ్లంతా చర్చి ముందు బారులు తీరారు. ఎనిమిది ఊళ్ల జనం నిలబడి ఉన్నారు. సియౌతు ఒక ముందు కొస పట్టుకుంది. రెండో కొస కోసం ఊరి పెద్దగారి కూతురు ముందుకి వస్తుండగా ఫువాతినో కోడళ్ల వరసలోంచి వచ్చి ఆ కొస పట్టుకుంది. ముక్కు మీద మాస్కు పట్టీ గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. దాన్ని పౌడరుతో కప్పుకోలేదు.

పాస్టరు గారు తౌతలా అమ్మగారి వైపు చూశారు. తౌతలా అమ్మగారు పాటల పుస్తకం తెరిచి అందులోకి చూసింది.

"వెనక్కి పోవే, అందరూ చూస్తున్నారు," అంది సియౌతు పళ్ల సందులోంచి.

"చూడనీ. చాప బిగించి పట్టుకో వదినా, నీ వైపు జారుతోంది."

సియౌతు బిగించి పట్టుకుంది. ఇద్దరూ నడిచారు.